లీగల్ ఎయిడ్ క్లినిక్ ఒప్పందంలో ఈ షరతులు ఎలా రాశారు?

లా కాలేజీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలిసి ఉచిత న్యాయసహాయ క్లినిక్ నడపడానికి ఒప్పందం ముసాయిదా తయారుచేస్తున్నాం. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 4(కె), 2011 నాటి నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) క్లినిక్ నిబంధనలు ఆధారం. అర్హత దగ్గర పేచీ లేదు: ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవారికి సెక్షన్ 12 కింద ఆదాయ పరిమితి అడ్డురాదు.

అసలు చిక్కు సెలవులతో. విద్యార్థి అర్జీ రాస్తాడు, పరీక్షలొస్తాయి, వాయిదా నాటికి ఫైలు సంగతి తెలిసినవాళ్లు ఉండరు. విద్యార్థులు వకాలత్ వేయలేరు, పూర్తికాల అధ్యాపకులూ వేయలేరు. భారమంతా ప్యానెల్ లాయర్ (న్యాయసేవాధికార సంస్థ జాబితాలోని అడ్వకేట్) మీదే. అందుకే మొదటిరోజే ఫైలు మీద ఆ లాయర్ పేరు, తర్వాతి తేదీ రాయాలని పెట్టాం. అసలు కాగితాలు తీసుకోం, నకళ్లే (పట్టాదారు పాస్‌బుక్ పోతే ఆ కుటుంబం ఎవరి చుట్టూ తిరగాలి?).

ఇలాంటి క్లినిక్ నడిపినవాళ్లు చెప్పండి: సెలవుల్లో ఫైళ్లు ఎవరికి అప్పగిస్తున్నారు, సంతకం ఎవరిది? భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 132 గోప్యత అడ్వకేట్‌తోపాటు ఆయన గుమాస్తాకు, ఉద్యోగికి, దుబాసీకి వర్తిస్తుంది. విద్యార్థిని ప్యానెల్ లాయర్ కింద రాతపూర్వకంగా నియమిస్తే ఆ కోవలోకి వస్తాడా? గృహహింస కేసులో భార్య వచ్చి వెళ్లాక భర్తా అదే క్లినిక్‌కు వస్తే, వివరాలు వినకముందే పేర్లు సరిచూసే రిజిస్టరు ఎలా పెట్టారు? షరతు నమూనా ఉంటే ఇంకా మంచిది.