కష్టపడితే పేదరికం పోతుందా? మన విశాఖ సంగతే మాట్లాడుకుందాం

సీతమ్మధార నుంచి:
మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. రేషన్ బియ్యం వస్తాయి, పిల్లలకు బడిలోనే మధ్యాహ్న భోజనం. అయినా నెల మధ్యకొచ్చేసరికి అప్పు అడుగుతాడు. పక్క అపార్ట్‌మెంట్‌లో పనిచేసే అతనిదీ అదే ఊరు, అదే పని. ఆనందపురం దగ్గర చిన్న స్థలం కొనుక్కున్నాడు. మావాడు తాగుతాడు, అతను తాగడు. పేదరికం పోకపోవడానికి అలవాట్లే కారణం అని నా నమ్మకం. కాదంటే ఎందుకో చెప్పండి.

పెదజాలరిపేట నుంచి:
అన్నా, మా నాన్న బోటు మీద కళాసీ. చుక్క ముట్టేవాడు కాదు. పది పదిహేను రోజులు సముద్రంలో ఉండి వస్తే, డీజిల్, ఐస్, సామాను ఖర్చు తీసేశాకే వాటాలు. చేప పడకపోతే అన్ని రోజుల కష్టానికీ చేతికొచ్చేది ఏమీ ఉండదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. ఆ సమయానికి ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో పది వేల నుంచి ఇరవై వేలయింది. మంచిదే. మా చిన్నప్పుడు ఆ రెండు నెలలూ అమ్మ గంప మీదే ఇల్లు నడిచేది. వేట లేనప్పుడు గంపలోకి చేప మాత్రం ఎక్కడిది?

అప్పుడే డైలీ ఫైనాన్స్ వాళ్లు వచ్చేవారు. పది వేలు రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి వడ్డీ 1,500. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కదా, ఏడాదికి లెక్కేస్తే నూటికి నూట ఇరవై దగ్గర తేలుతుంది. బ్యాంకు ఏ పది శాతానికో ఇచ్చే అప్పు మా గుమ్మం తొక్కదు.

నాన్నకు ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉచితంగానే అయింది. తర్వాత ఐదు నెలలు వేటకు వెళ్లలేకపోయాడు. ఆ ఐదు నెలల తిండికి ఏ కార్డూ లేదు. అమ్మ పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లింది, తిరిగి రాలేదు. నా ఇంటర్ ఆగింది అప్పుడే. ఇందులో ఎవరి అలవాటు తప్పు?

ఎంవీపీ కాలనీ నుంచి:
నేను ఎకనామిక్స్ చెబుతాను. దేశంలో పేదరికం తగ్గింది, అదీ చెప్పుకోవాలి. నీతి ఆయోగ్ లెక్కలో బహుముఖ పేదరికం (ఆదాయం కాక ఆరోగ్యం, చదువు, జీవన వసతుల్లో లోటు చూసే కొలత) 2013-14లో 29.17 శాతం, 2022-23కి 11.28 శాతం. రోడ్లు, గ్యాస్, మరుగుదొడ్లు, బ్యాంకు ఖాతాలు నిజంగానే బతుకులు మార్చాయి.

గాజువాక నుంచి:
మాస్టారూ, ఆ లెక్కలో బ్యాంకు ఖాతా ఉందా అని చూస్తారు. అప్పు ఎంత అని చూడరు కదా!

సీతమ్మధార అన్న ఇద్దరు వాచ్‌మన్లను పోల్చారు. మా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల సంగతి చెబుతాను. పెదనాన్నకు ఓ ప్రభుత్వరంగ కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది. ఆరేళ్లు చిన్నవాడైన మా నాన్న వయసుకొచ్చేసరికి రిక్రూట్‌మెంట్ లేదు. అక్కడే కాంట్రాక్టు కూలీగా చేరాడు. ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్లేవారు. పెదనాన్నకు క్వార్టర్, సెలవు జీతం, పీఎఫ్. నాన్నకు కాంట్రాక్టర్ మారినప్పుడల్లా మళ్లీ మొదటి రోజు. పండగపూట ఇద్దరూ కలిసే తాగేవారు, దాచను. పెదనాన్న కొడుకు ఇంజనీరయ్యాడు. నేను వెల్డర్‌ని.

ఏడాది పొడవునా సాగే పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రభుత్వాలకు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు, నిషేధించినంత మాత్రాన ఆ కూలీలు వాళ్లంతట వాళ్లే పర్మనెంట్ అయిపోరని చెప్పింది. మా నాన్న లాంటివాళ్లకు అక్కడితో ఆశ పోయింది.

ఎంవీపీ కాలనీ నుంచి:
అప్పు సంగతి ఒప్పుకుంటున్నాను బాబూ. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బెంగాల్‌లో కటిక పేద కుటుంబాల మీద చేసిన పరిశీలన ఒకటుంది. ఆవులో మేకలో ఇచ్చి, కొన్నాళ్లు చేతిఖర్చు, శిక్షణ ఇచ్చారు. పదేళ్ల తర్వాత కూడా వాళ్ల ఆదాయం ఇవ్వనివాళ్ల కంటే ఎక్కువే ఉంది. ఒక్కసారి నిలదొక్కుకునే వీలు దొరికితే వాళ్లు పడిపోలేదు.

సీతమ్మధార నుంచి:
తాగుడు విషయంలో నా మాట మార్చుకోను, ఆ ఇంట్లో గొడవలు రోజూ వింటున్నాను. కానీ నిన్న కూర్చోబెట్టి అడిగితే, ఊళ్లో తల్లి జబ్బుకు తెచ్చిన అప్పు ఉందన్నాడు. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ. పన్నెండేళ్లుగా చూస్తున్నా నేను అడగలేదు. మేమిచ్చేది తొమ్మిది వేలు, వారానికి ఒక్క సెలవైనా లేదు. ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో వారానికో సెలవు, జబ్బు చేస్తే పదిహేను రోజుల జీతం పెట్టమని అడుగుతాను. మీ అపార్ట్‌మెంట్లలో ఎవరైనా ఇలా చేసి ఉంటే ఎలా రాసుకున్నారో చెప్పండి.