దెబ్బ తగల్లేదంటే రిపోర్టు అక్కర్లేదా? (యూనివర్సిటీ ల్యాబు ప్రమాదాలు)

పెన్నాతీరం:
నెల్లూరు దగ్గర ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో రాత్రిపూట వేస్టు సీసా పేలింది. నైట్రిక్ యాసిడ్ వేస్టు ఉన్న సీసాలో ఎవరో అసిటోన్ అనే సాల్వెంటు (కరిగించే ద్రవం) వొంపి, మూత బిగించి పోయారు. ఎవరికీ ఏం కాలేదు కాబట్టి రాతకోతలొద్దని డిపార్ట్‌మెంటు అంటోంది. రాయాల్సిందేనంటాను. మీరేమంటారు?

గుండ్లకమ్మ:
అక్కర్లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కూడా దెబ్బల విషయంలో 48 గంటలు పనికి రాలేనంతగా తగిలితేనే నోటీసు ఉండేది. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉన్న మనిషికి దెబ్బ తగిలితే రిపోర్టు పంపాలి, సీరియస్ అయితే వెంటనే. ఇక్కడ దెబ్బే లేదు. పగిలిన ప్రతి సీసాకీ ఫారం నింపుతూ కూర్చుంటే ఆ ఫారాలు చదివే నాథుడుండడు.

పెన్నాతీరం:
అన్నా, ఆ యాసిడూ అసిటోనూ కలిస్తే వేడి, గ్యాసు పుడతాయి. పోసిన వెంటనే ఏమీ కనపడక, గంటల తర్వాత ఊపందుకోవచ్చు. మూత బిగిస్తే గ్యాసుకి దారి లేదు. పగలు పేలుంటే గాజుముక్కలు మొహానే. ముందు ఊడవకుండా ఫొటోలు తియ్యాలి, లేబులున్న ముక్క దాచాలి, వేస్టు రిజిస్టరులో చివరి ఎంట్రీ చూడాలి, అందర్నీ విడివిడిగా అదే రోజు అడగాలి. రెండ్రోజులాగితే అందరిదీ ఒకటే మాటవుద్ది.

ఉలవపాడు మామిడి:
ముందు ఆ ల్యాబులో ఐవాష్ (కళ్లు కడిగే కుళాయి) పనిచేస్తోందా?

బకింగ్‌హాం కాలువ:
మంచి ప్రశ్న. చాలాచోట్ల దాని పైపు మేడమీద నల్ల ట్యాంకుకి కలిపుంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఆ నీళ్లలో చెయ్యి పెట్టలేం. కంట్లో యాసిడ్ పడితే కనీసం 15 నిమిషాలు కడగాలి, నీళ్లు 38 డిగ్రీలు దాటకూడదు. ట్యాంకుకి నీడ వేయించండి. వారానికోసారి తిప్పి, పైపులో నిలవున్న తుప్పునీళ్లు పోనివ్వండి.

గుండ్లకమ్మ:
ఐవాష్ సంగతి ఇక్కడెందుకు? పోసిందెవరో తేల్చి మెమో ఇస్తే అయిపోయె.

పెన్నాతీరం:
మెమో ఎవరికన్నా? కాంట్రాక్టు అటెండరుకేగా! యాసిడ్‌కీ సాల్వెంటుకీ వేరువేరు క్యాన్లు లేవు, గ్యాసు పోయే మూతల్లేవు, సీసామీద పాత లేబులే ఉంది. ఇవి కొనాల్సింది అటెండరా?

గుండ్లకమ్మ:
నేను చెప్తున్నదీ అదే! రిపోర్టంటూ రాస్తే అది అటెండరు మెడకే చుట్టుకుంటుంది. ఒంగోలు వైపు ఒక కాలేజీలో అట్టానే జరిగింది. మూడు పేజీలు రాస్తే పైకి పోయేసరికి ‘అటెండరు నిర్లక్ష్యం’ అని ఒక్క లైను మిగిలింది. మర్నాడే అతన్ని కాంట్రాక్టు మీద పంపిన ఏజెన్సీ పన్లోంచి తీసేసింది. అందుకే వద్దంటున్నా.

పెన్నాతీరం:
ఈ మాట ముందే అనుంటే ఇంత గొడవ లేదుగదన్నా. ఫారంలో పేర్లొద్దు. ఏ రసాయనం, ఎంత, ఎప్పుడు, ఏ మూత, ఇంతే. ‘నిర్లక్ష్యం’ కారణం కిందికి రాదు, నిర్లక్ష్యమని రాశాక ఇంకేం వెతకరు. విచారణ కమిటీలో వేరే డిపార్ట్‌మెంటాయన, ఒక టెక్నీషియన్ ఉండాలి. ఆ ల్యాబు హెడ్డుని సాక్షిగా పిలవాలి, విచారణ ఆయన చేతికివ్వకూడదు.

గుండ్లకమ్మ:
పేరు రాయకపోయినా ఆ ల్యాబులో అటెండరు ఒక్కడే, ఎవరో అందరికీ తెలుసు. ప్రమాదం గురించి చెప్పినందుకు మనిషిని తీసెయ్యకూడదని ఏజెన్సీ ఒప్పందంలో రాయించండి. అది రాయించిన రోజు ఫారం నింపమని నేనే చెప్తా.