అప్‌డేట్: కట్టు కింద ప్రెషర్ తగ్గుదల సెన్సర్‌ది కాదు, కట్టుదే

కాలి మీద సిరల పుండుకు కట్టిన కంప్రెషన్ కట్టు (కాలిని బిగువుగా నొక్కి ఉంచేది) కింద రీడింగ్ ఉదయం 40, సాయంత్రం 28 మి.మీ. పాదరసం చూపిస్తోంది, సెన్సర్ తప్పా అన్నది నా ప్రశ్న. కాదని తేలింది. పలుచని రెసిస్టివ్ సెన్సర్ (నొక్కితే విద్యుత్ నిరోధం మారేది) గంటల తరబడి ఒత్తిడిలో ఉంటే దాని రీడింగ్ సాధారణంగా పైకే జరుగుతుంది. అంటే అసలు ఒత్తిడి 28 కన్నా తక్కువే ఉండొచ్చు. వాపు దిగి కాలు సన్నబడితే కట్టు వదులవుతుంది, ముఖ్యంగా సాగుదల తక్కువున్న రకం. మళ్లీ కట్టించుకోవాల్సిందే.

కాలిబ్రేషన్ (తెలిసిన ఒత్తిడితో సెన్సర్‌ను సరిచూడటం) బల్లమీద చదునుగా చేస్తే దండగ. కాలంత లావు గొట్టానికి సెన్సర్ అంటించి, పైన బీపీ కఫ్ చుట్టి 20, 40, 60 దగ్గర సరిచూడాలి. కట్టు విప్పగానే రీడింగ్ సున్నాకు వచ్చిందా అన్నదీ చూడాలి.

సెన్సర్ చోటు: లోపలి చీలమండకు 10–15 సెం.మీ. పైన, పిక్క కండరం సన్నబడేచోట. ఎముక అంచు మీద వంపు తీవ్రం, రీడింగ్ పెరిగిపోతుంది. పడుకుని, నిలబడి రెండు రీడింగులూ రాయాలి. తేడా 10 దాటితే కట్టు గట్టిరకం, అంటే సాగుదల తక్కువున్నది.

చీలమండ–చేయి బీపీ నిష్పత్తి 0.8 లోపుంటే మాత్రం 40 లక్ష్యం పెట్టుకోకూడదు, ముందు ధమనుల పరీక్ష.