ఇంటి పనుల నడుమ డిగ్రీ గణితం: మీరెలా చదివారు?

కూర్మన్నపాలెం గృహిణి:
అందరికీ నమస్కారం. పెళ్లితో ఆగిపోయిన బీఎస్సీని తొమ్మిదేళ్ల తరువాత దూరవిద్యలో మళ్లీ మొదలుపెట్టాను. మిగిలిన పేపర్లన్నీ గట్టెక్కాయి గాని అమూర్త బీజగణితం (అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా) రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్షకు ఐదు వారాల గడువుంది. మావారిది ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం కావడంతో, ఒక వారం తెల్లవారుజామున నాలుగింటికే లేచి క్యారేజీ కట్టాలి, మరో వారం రాత్రి పదకొండు దాకా మేలుకొని అన్నం వడ్డించాలి. పాప రెండో తరగతి చదువుతోంది, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. రోజూ ఒకే వేళకు పుస్తకం తెరవడం నా వల్ల కావడం లేదు. ఇలాంటి ఇంట్లో ఉండి ఈ పేపరు గట్టెక్కినవారు ఏం చేశారో దయచేసి వివరంగా రాయండి.

పెదవాల్తేరు చదువరి:
అమ్మా, ఇద్దరు పిల్లల తల్లినై ఉండి, ముప్పై ఆరో ఏట ఇదే పేపరు రాశాను. రెండు గంటల ప్రశాంతత దొరికాక చదువుదామని ఎదురుచూస్తూ మొదటి నెలంతా పోగొట్టుకున్నాను, ఆ రెండు గంటలు మా ఇంట్లో ఒక్కరోజూ దొరకలేదు. ఆ తరువాత సిద్ధాంతాలను ముక్కలు చేసుకున్నాను. లగ్రాంజ్ సిద్ధాంతాన్నే తీసుకోండి. సమూహమంటే (గ్రూపు) గుణకారం లాంటి ఒక క్రియతో, దాని నియమాలతో కూడిన సమితి; అందులో తనంతట తానే సమూహమయ్యే భాగం ఉపసమూహం. పరిమిత సమూహంలో ఏ ఉపసమూహపు తరగతి (మూలకాల సంఖ్య) అయినా సమూహపు తరగతిని నిశ్శేషంగా భాగిస్తుందన్న ఆ నిరూపణలో మూడే మెట్లున్నాయి: ప్రతి మూలకమూ ఏదో ఒక సహసమితిలో (ఉపసమూహాన్నంతా ఒకే మూలకంతో గుణిస్తే వచ్చే సమితిలో) ఉంటుంది, రెండు సహసమితులు పూర్తిగా ఒకటే అవుతాయి లేదా వాటికి ఉమ్మడి మూలకమే ఉండదు, ప్రతి సహసమితిలోనూ ఉపసమూహంలో ఉన్నన్ని మూలకాలే ఉంటాయి.

కుక్కరు మూడు కూతలు వేసేలోగా ఒక్క మెట్టు, అదీ పుస్తకం చూడకుండా, మా అబ్బాయి పలక మీద బలపంతో రాసేదాన్ని. రెండో మెట్టు దగ్గరే చేయి ఆగేది. ఉమ్మడి మూలకం ఉందనుకుని ‘ఏ హెచ్‌వన్ = బీ హెచ్‌టూ’ అని (హెచ్‌వన్, హెచ్‌టూ ఉపసమూహపు మూలకాలు) రాసి, తరువాత ఏం చేయాలో తోచక నిలబడిపోయేదాన్ని. హెచ్‌వన్ విలోమంతో కుడివైపు గుణిస్తే ‘ఏ’ అనేది ‘బీ’ సహసమితిలోకి వచ్చేస్తుందని, అక్కడితో రెండూ ఒకటేనని తేలుతుందని నాలుగోసారి పలక తుడిచి రాసినప్పుడు గాని తట్టలేదు. పుస్తకంలో అదే వరుసను ఇరవైసార్లు చదివి ఉంటాను, ఒక్కసారీ సందేహం రాలేదు. తడబాటు చేతికే తెలిసింది, కంటికి తెలియలేదు.

అల్లిపురం విద్యార్థి:
అక్కా, నేను బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నాను. అమ్మ టిఫిన్ బండి దగ్గర ఉదయం తొమ్మిది దాకా నేనే ప్లేట్లు అందిస్తాను. ఆ తరువాత కాలేజీ, సాయంత్రం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం. ఇంట్లో చదవాలంటే మాది ఒకటే గది, పైగా టీవీ. నిర్వచనాలను చిన్న కాగితాల మీద రాసుకుని బస్సులో తిరగేయడం నాకు బాగా పనికొచ్చింది. నిరూపణలు మాత్రం బస్సులో ఎక్కలేదు.

విశ్రాంత అధ్యాపకుడు:
చాలా ఏళ్లు జవాబుపత్రాలు దిద్దినవాడిని కనుక ఒక మాట చెబుతాను. ఉపసమూహమని నిరూపించమన్నప్పుడు, ఆ సమితి శూన్యేతరమని (కనీసం ఒక మూలకమైనా ఉందని) ముందుగా చూపడం ఎందరో మరిచిపోతారు, అక్కడే మార్కు పోతుంది. నిరూపణతో పాటు, ప్రతి సిద్ధాంతమూ ఎక్కడిదాకా వర్తిస్తుందో, దాన్ని దాటి ఏది నిజం కాదో చూపే ఒక ప్రత్యుదాహరణ దగ్గర ఉంచుకోండి. రెండు ఉపసమూహాల ఛేదనం ఎప్పుడూ ఉపసమూహమే, సమ్మేళనం మాత్రం కానక్కరలేదు: పూర్ణాంకాలలో 2 గుణిజాలను, 3 గుణిజాలను కలిపితే 2, 3 ఉంటాయి గాని వాటి మొత్తం 5 ఉండదు. లగ్రాంజ్ సిద్ధాంతానికి విపర్యయం (సమూహపు తరగతిని భాగించే ప్రతి సంఖ్యకూ అన్ని మూలకాల ఉపసమూహం ఉంటుందన్న తిరగేసిన మాట) నిజం కాదనడానికి, నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల (రెండేసి వస్తువులను సరిసంఖ్యలో సార్లు తారుమారు చేస్తే వచ్చే అమరికల) సమూహం ఉంది. దానిలో 12 మూలకాలున్నా 6 మూలకాల ఉపసమూహం లేదు.

పలక పద్ధతి నాకు నచ్చింది గాని, దానితోనే సరిపెట్టుకోవద్దని నా మనవి. పది నిమిషాల ముక్కలకు అలవాటుపడిన చేయి మూడు గంటల పరీక్షలో రెండో గంటకే అలసిపోతుంది. వారానికి ఒక్కసారైనా పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, గడియారం చూసుకుంటూ, మధ్యలో లేవకుండా పూర్తిగా రాయండి. ఆ మూడు గంటలు ఎప్పుడో ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి అడిగి తీసుకోండమ్మా, వాటంతట అవి రావు.

కూర్మన్నపాలెం గృహిణి:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రే మావారితో మాట్లాడాను. తన వారపు సెలవు రోజున ఉదయం పాపను అప్పికొండ తీరానికి తీసుకెళ్లి మధ్యాహ్నానికి గాని తిరిగి రానన్నారు. అత్తయ్యగారు ఆ పూట వంట తాను కూర్చునే చూసుకుంటానన్నారు. ఈ ఉదయం పాప పలక మీద రెండో మెట్టు రాశాను, సగంలో ఆగింది, సాయంత్రం మళ్లీ రాస్తాను. మాస్టారూ, ఒక సందేహం: ఎడమ సహసమితులతో, కుడి సహసమితులతో విడివిడిగా రెండుసార్లు నిరూపించాలా?

విశ్రాంత అధ్యాపకుడు:
అక్కరలేదమ్మా. ఏదో ఒకటి చాలు. మొదటి వరుసలోనే ఏది తీసుకున్నారో రాసి, చివరిదాకా దానితోనే నడవండి.