లూయిస్‌విల్ ఎ300 తీసుకోవాలా, ఆంకరేజ్ 747 తీసుకోవాలా? ఇల్లు డాలస్‌లో, సలహా కావాలి

ఫ్రిస్కో_పైలట్:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ డాలస్ బేస్‌గా (డ్యూటీ మొదలయ్యే ఊరు) ఒక రీజనల్‌లో, అంటే చిన్న ప్యాసింజర్ విమానాల కంపెనీలో పైలట్‌గా చేశాను, ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు కారులో వెళ్లడం తప్ప కమ్యూట్, అంటే వేరే ఊర్లో ఉన్న బేస్‌కి విమానంలో వెళ్లి రావడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇప్పుడు కార్గో కంపెనీ యూపీఎస్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్) ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల కెంటకీలోని లూయిస్‌విల్‌లో ట్రైనింగ్ క్లాస్ మొదలు. మా క్లాసుకు లూయిస్‌విల్ బేస్‌లో ఎ300 విమానం, అలాస్కాలోని ఆంకరేజ్ బేస్‌లో 747 ఇస్తారని వినిపిస్తోంది. క్లాసులో నా సీనియారిటీ నంబర్ మధ్యలో ఉండొచ్చు కాబట్టి ఏదో ఒకటి ఎంచుకునే వీలు ఉంటుందనే అనుకుంటున్నాను.

మా ఆవిడకి డాలస్ పక్కనే ప్లేనోలో మంచి ఉద్యోగం, పాప కిండర్‌గార్టెన్. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు, వాళ్లు ఉన్నప్పుడు ఇల్లు గురించి బెంగ లేదు, వాళ్లు వెళ్లాకే టెన్షన్. ఇల్లు కొని ఎన్నాళ్లో కాలేదు, వడ్డీ రేటు తక్కువగా ఉన్నప్పుడు తీసుకున్నాం, ఇప్పుడు అమ్మి కెంటకీలో కొంటే నెల వాయిదా బాగా పెరుగుతుంది. 747 నడపాలని చిన్నప్పటి నుంచి కోరిక, అది కూడా లెక్కలో ఉంది. కార్గోలో ఉన్నవాళ్లు, కమ్యూట్ చేసినవాళ్లు, ముఖ్యంగా మొదటి ఏడాది ఎలా గడిచిందో చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

లూయిస్‌విల్_తెలుగు:

తమ్ముడూ, శుభాకాంక్షలు, చాలామంది ఏళ్ల తరబడి ఎదురుచూసే ఉద్యోగం ఇది. ముందు ఒక విషయం తేల్చుకో. ప్యాసింజర్ కంపెనీల్లో పెద్ద విమానానికి ఎక్కువ రేటు ఉంటుంది, యూపీఎస్‌లో అలా కాదు, ఏ విమానమైనా రేటు ఒకటే, సీటును (కెప్టెనా, కో-పైలటా) బట్టి, సర్వీసును బట్టి మారుతుందంతే. అంటే 747 వల్ల జీతంలో తేడా రాదు, నిద్ర, ప్రయాణం, ఇంట్లో ఉండే రోజులు మాత్రమే మారతాయి. కోరిక సంగతి నేను కాదనను, కానీ దానికి సమయం ఉంది.

ఎ300 అంటే ఎక్కువగా రాత్రి సార్ట్ (పార్సిళ్లు ఊళ్లవారీగా విడదీయడం) కోసం తిరిగే పని. సాయంత్రం దేశం నలుమూలల నుంచి విమానాలు బయల్దేరి అర్ధరాత్రికి అటూ ఇటూగా లూయిస్‌విల్‌లో దిగుతాయి, అక్కడి మన హబ్ వరల్డ్‌పోర్ట్‌లో పెట్టెలు విడదీసి మళ్లీ ఎక్కిస్తారు, తెల్లవారుజామున మూడు నుంచి అయిదు లోపల అన్నీ లేచి వెళ్లిపోతాయి. మధ్యలో రెండు మూడు గంటలు దొరుకుతాయి, క్రూ కోసం కంపెనీ నిద్ర గదులు పెట్టింది, వాటిని వాడుకో. మొదట్లో అక్కడ నిద్ర పట్టదని అందరూ టీవీ ముందు కూర్చుంటారు, నువ్వు అలా చేయకు, కళ్లు మూసుకుని పడుకున్నా కొంత నయం.

ఇక డాలస్ నుంచి వచ్చేవాళ్లు పడే ఉచ్చు ఒకటుంది, ఇది జాగ్రత్తగా చదువు. డాలస్ నుంచి కూడా రాత్రిపూట మన విమానం హబ్‌కి వస్తుంది. దాని జంప్‌సీట్, అంటే పైలట్లు ఉచితంగా ప్రయాణించే అదనపు సీటు, ముందే బుక్ చేసుకోవచ్చు, గేట్ దగ్గర నిలబడే బాధ లేదు, ఇంట్లో పాపతో భోజనం చేసి, స్నానం చేసి, తాపీగా వచ్చి అర్ధరాత్రి దిగి, నాలుగు గంటలకు నీ విమానం తీసుకుని వెళ్లిపోవచ్చు. కాగితం మీద ఎంత అందంగా ఉందో చూడు. అసలు సంగతేంటంటే ఉదయం ఏడింటికి పాపతో పాటు లేచిన మనిషి మర్నాడు ఉదయం ఆరింటికి, ఇరవై మూడు గంటలు మెలకువగా ఉండి, ఏదో ఊర్లో అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) చేస్తున్నాడు. 2013 ఆగస్టు 14న బర్మింగ్‌హామ్‌లో మన 1354 ఫ్లైట్ కూలినప్పుడు తెల్లవారలేదు, ఇద్దరు పైలట్లూ పోయారు. అప్రోచ్‌లో జరిగిన తప్పులతో పాటు అలసట గురించి కూడా ప్రమాదాలు విచారించే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీ తన రిపోర్టులో రాసింది, విశ్రాంతికి దొరికిన సమయాన్ని ఫస్ట్ ఆఫీసర్ ఎలా వాడుకున్నారో గంటల లెక్కన ఉంది అందులో. క్లాస్ మొదలయ్యే లోపు ఆ రిపోర్టు పూర్తిగా చదువు.

ఇంకోటి. 2014 జనవరి నుంచి ప్యాసింజర్ పైలట్లకు కొత్త విశ్రాంతి నియమాలు వచ్చాయి, కార్గోను అందులోంచి మినహాయించారు. రీజనల్‌లో నిన్ను కాపాడిన రూల్ ఇక్కడ లేదు. పాత ఫెడరల్ నియమాలు కాక నీకు తోడుండేవి కాంట్రాక్టులో మన యూనియన్ రాయించుకున్నది, నీ సొంత క్రమశిక్షణ, ఈ రెండే.

నా సలహా: ఎ300 తీసుకో, పని మొదలయ్యే ముందు రోజు పగలే వచ్చి పడుకో. వీలైతే రెండో ఏడాదికి ఇక్కడికి మారిపో. ఇళ్లు డాలస్ కంటే చవక, ఊరు ప్రశాంతంగా ఉంటుంది.

ఆంకరేజ్747:

అన్న చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, చివరి సలహా తప్ప. నేను 747 మీద ఆంకరేజ్ బేస్, ఇల్లు ఫీనిక్స్. ఆంకరేజ్ దూరం అని అందరూ భయపెడతారు కానీ కమ్యూట్‌లో మైళ్లు కాదు లెక్క, నెలకు ఎన్నిసార్లు వెళ్లాలన్నదే లెక్క. మాకు ట్రిప్పులు పొడుగు. ఆంకరేజ్ నుంచి కొరియాలో ఇంచియాన్, చైనాలో షెన్‌జెన్, అక్కడి నుంచి ఒక్కోసారి జర్మనీలో కొలోన్ మీదుగా లూయిస్‌విల్, మళ్లీ ఆంకరేజ్, ఇలా రెండు వారాల దాకా తిరుగుతాం, తర్వాత ఇంట్లో ఉండేదీ దాదాపు అంతే. అంటే సీనియారిటీ వచ్చాక నెలకు ఒకసారి వెళ్లి ఒకసారి తిరిగొస్తే చాలు. కొన్ని ట్రిప్పులు డెడ్‌హెడ్‌తో మొదలవుతాయి, కంపెనీ టికెట్ మీద ఇంకో ఊరికి వెళ్లి అక్కడ విమానం ఎక్కాలి. అలాంటిది దొరికినప్పుడు ఆంకరేజ్ దాకా పోకుండా ఇంటి దగ్గర నుంచే బయల్దేరే వీలుంటుందా అన్నది కాంట్రాక్టులో చూసుకోండి.

కానీ మొదటి ఏడాది మీరు రిజర్వ్‌లో, అంటే సొంత ట్రిప్పులు లేకుండా పిలిస్తే వెళ్లే జాబితాలో ఉంటారు, అప్పుడు ఇవేవీ వర్తించవు. ఫోన్ మోగితే ఆంకరేజ్‌లో ఉండాల్సిందే. డిసెంబర్‌లో అక్కడ అయిదున్నర గంటలే వెలుతురు, అదీ పల్చగా. క్రాష్‌ప్యాడ్ (బేస్ ఊర్లో పైలట్లు కలిసి అద్దెకు తీసుకునే ఇల్లు)లో గదికి నాలుగు మంచాలు, కిటికీలకు నల్ల గుడ్డ మేకులతో కొట్టి ఉంటుంది, ఎవరి దుప్పటి వాళ్లది, ఫ్రిజ్‌లో ప్రతి డబ్బా మీద పేరు, తేదీ. ఒకరు షాంఘై నుంచి వచ్చి పడుకుంటుంటే ఇంకొకరు లేచి బూట్లు వేసుకుంటుంటారు. తాలింపు ఘాటుకి తోటివాళ్లు దగ్గుతూ లేస్తారు కాబట్టి నేను ఇంటి నుంచి పులిహోర పొడి, పచ్చళ్లు తెచ్చుకుని రైస్ కుక్కర్‌తో సరిపెట్టుకుంటాను. మంచానికి నెలకు రెండు మూడు వందల డాలర్లు అవుతుంది. వచ్చినప్పుడు ఏది ఖాళీగా ఉంటే ఆ మంచం అనే పద్ధతి ఇంకా చవక, కానీ రిజర్వ్‌లో ఉన్నవాళ్లు సొంత మంచమే తీసుకోవాలి.

డాలస్ నుంచి మీకు సియాటిల్ మీదుగా ప్యాసింజర్ జంప్‌సీట్, లేదంటే లూయిస్‌విల్ వచ్చి మన విమానంలో ఆంకరేజ్. రెండిట్లోనూ రెండు మెట్లు, ఒకటి తప్పితే రెండోదీ పోతుంది. వేసవిలో అలాస్కా టూరిస్టులతో సీట్లు నిండిపోతాయి, కాక్‌పిట్‌లో ఉండేది ఒకటో రెండో, దానికి ముందే నలుగురు పైలట్లు లైన్లో ఉంటారు. ఎక్కేముందు కెప్టెన్ దగ్గరికి వెళ్లి పేరు చెప్పి అనుమతి అడగడం మరిచిపోకండి, అది ఆయన ఇచ్చే సీటు, మన హక్కు కాదు.

ఫ్రిస్కో_పైలట్:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఆ రాత్రి విమానం సంగతి నేను నిజంగానే మంచి ఉపాయం అనుకున్నాను ఈ ఉదయం వరకూ. ఒక సందేహం: ఇల్లు మారకుండా మొదటి ఏడాది లూయిస్‌విల్‌కి కమ్యూట్ చేస్తే, ఒకరోజు జంప్‌సీట్ దొరక్క రిపోర్ట్ టైమ్ (డ్యూటీకి హాజరవ్వాల్సిన సమయం) తప్పితే ప్రొబేషన్‌లో, అంటే ఉద్యోగం ఖాయం కాని మొదటి ఏడాదిలో ఏమవుతుంది? ఇంకోటి, కెంటకీలో రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ ఉంది, టెక్సస్‌లో లేదు, బేస్ అక్కడైతే నాకూ పడుతుందా?

హోమ్‌బేస్డ్_ఒహాయో:

టాక్స్ సంగతి నేను చెబుతాను. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే విమాన సిబ్బందికి ఫెడరల్ చట్టం ఒక రక్షణ ఇచ్చింది. నివాసం ఉన్న రాష్ట్రం, సగం కంటే ఎక్కువ జీతం ఏ రాష్ట్రంలో సంపాదించారో ఆ రాష్ట్రం, ఈ రెండే మీ జీతం మీద పన్ను వేయగలవు. ఆ సగం లెక్క విమానం నడిపే గంటల మీద చూస్తారు. మీరు కెంటకీ ఆకాశంలో గడిపేది కొద్ది నిమిషాలే కాబట్టి నిజంగా టెక్సస్ నివాసి అయితే చాలు. లైసెన్స్, ఓటు, కారు రిజిస్ట్రేషన్ అన్నీ అక్కడే ఉంచండి. క్రాష్‌ప్యాడ్ అద్దె, కమ్యూట్ ఖర్చు మాత్రం ఫెడరల్ టాక్స్‌లో తగ్గించుకోలేరు, 2018 నుంచి ఉద్యోగుల సొంత ఖర్చులకు ఆ వెసులుబాటు పోయింది. ఆ డబ్బు పోయిందనుకునే బడ్జెట్ వేసుకోండి.

నేను చేసేది ఇంటినే బేస్‌గా లెక్కేసే కంపెనీలో. కలిట్టా లాంటి కార్గో కంపెనీల్లో ఈ పద్ధతి ఉంది, మా ఊరి ఎయిర్‌పోర్టు నుంచి ట్రిప్ మొదలయ్యే చోటికి టికెట్ కంపెనీయే కొంటుంది. జంప్‌సీట్ బెంగ ఉండదు, కానీ ఒకసారి బయల్దేరితే రెండు వారాలు దాటిపోతుంది. మీకు చేతిలో ఉన్న ఉద్యోగం వదలమని చెప్పను, జీతం, పెన్షన్ అక్కడే మెరుగు.

పైలట్_ఇల్లాలు:

ఇల్లు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను అండీ. మావారు కార్గోలో రాత్రి పైలట్. ప్రొబేషన్ అయ్యేదాకా ఇల్లు అమ్మకండి, మీ ఆవిడ ఉద్యోగం మానకూడదు. బేస్‌లు మారతాయి, విమానాలు రిటైర్ అవుతాయి, ఆమె జీతమే అప్పుడు మీకు ధైర్యం.

మీ అమ్మానాన్న వచ్చాక ఒక్క విషయం మాత్రం ముందే గట్టిగా చెప్పండి. మావారు ఉదయం ఏడింటికి వచ్చి పడుకుంటారు, సరిగ్గా అప్పుడే ఇండియాలో సాయంత్రం, చుట్టాలందరి ఫోన్లూ మొదలవుతాయి. మా అత్తగారు "ఒక్క నిమిషం మామయ్యతో మాట్లాడు నాన్నా" అని తలుపు తీసేవారు, అబ్బాయి పగలంతా పడుకుంటున్నాడని దిగులు కూడా పడేవారు. పెద్దావిడకి కోపం రాకుండా చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. చివరికి తలుపు మీద ఆయన లేచే టైమ్ రాసి అంటించాం. ఇంటికొచ్చిన మొదటి రోజు ఆయన మనిషి కాదు, ఆ రోజు ఏ పనీ చెప్పను, ఏ ఫంక్షన్‌కీ ఒప్పుకోను. థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా ఆయన ఉండరనుకునే అన్నీ ప్లాన్ చేస్తాం. పాపకి జ్వరం వచ్చి స్కూల్ నుంచి ఫోన్ వస్తే అరగంటలో వెళ్లగలిగే మనిషిని ఇప్పుడే చూసుకోండి, ఆ మనిషి మీరు కాలేరు.

లూయిస్‌విల్_తెలుగు:

అమ్మా, మీరు చెప్పింది చదివాక ఇల్లు మారమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, కనీసం మొదటి ఏడాదికి.

తమ్ముడూ, నీ మొదటి ప్రశ్నకు. కమ్యూట్ చేసేవాళ్ల కోసం కాంట్రాక్టుల్లో సాధారణంగా ఒక నిబంధన ఉంటుంది, టైమ్‌కి చేరే విమానాలకు ప్రయత్నించి, ముందుగా షెడ్యూలింగ్‌కి ఫోన్ చేసినవాళ్లకు కొంత రక్షణ ఇస్తుంది. అది చదివి, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు ఎంతవరకు వర్తిస్తుందో యూనియన్ వాళ్లను క్లాస్ వారంలోనే అడుగు. ఆ ఏడాది మాత్రం దాని మీద ఆధారపడకు. జంప్‌సీట్‌కి వెళ్లినప్పుడల్లా వెనకాల ఇంకో విమానం ఉండేలా చూసుకో, రెండూ పోతే టికెట్ కొనెయ్. 2009లో బఫెలో దగ్గర 50 మంది చనిపోయిన కోల్గన్ ప్రమాదంలో ఫస్ట్ ఆఫీసర్ ముందు రాత్రి సియాటిల్ నుంచి మెంఫిస్ మీదుగా కార్గో జంప్‌సీట్లలో నువార్క్ చేరి, క్రూ రూమ్‌లో కునుకు తీసి డ్యూటీ ఎక్కారు. రిపోర్ట్ టైమ్‌కి చేరారు కూడా. కాబట్టి నువ్వు చూసుకోవాల్సింది చేరడం ఒక్కటే కాదు.

ఇక బేస్ ఫారం నింపే ముందు ట్రైనింగ్ వాళ్లను రెండు అడుగు: ఈ సీటు తీసుకుంటే ఎన్నాళ్లు మారడానికి వీల్లేదు, ఆ బేస్‌లో రిజర్వ్ నుంచి చివరగా బయటపడ్డ కో-పైలట్ సీనియారిటీ నంబర్ ఎంత. ఆంకరేజ్ 747లో ఆ నంబర్ నీకు దగ్గర్లో ఉంటే నేను కూడా ఆలోచిస్తాను. దూరంగా ఉంటే ఎ300 రాసెయ్, గది నేను చూపిస్తాను, ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు, వంటకు అభ్యంతరం లేదు.