పాత ఆర్కేడ్ గేమ్‌ల బొమ్మల్లో మీకు నచ్చిన శైలి ఏది? ఎల్‌సీడీ తెర మీద దాన్ని సరిగ్గా రాబట్టేదెలా?

కీలుబొమ్మ:
ఒక చిన్న షూటింగ్ గేమ్ తయారుచేస్తున్నాం. కోడ్ రాసేది ఒకరు, బొమ్మలు వేసేది ఒకరు, అంతే. పాత ఆర్కేడ్ శైలుల్లో ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడాలనుకుంటున్నాం. ఆస్టరాయిడ్స్ లాంటి గీతల బొమ్మలా, పాక్-మ్యాన్ లాంటి కొద్ది రంగుల బొమ్మలా, స్ట్రీట్ ఫైటర్ 2, మెటల్ స్లగ్ లాంటి నిండు పిక్సెల్ ఆర్టా అన్నది తేలడం లేదు. మీకు ఏది ఇష్టం, ఎందుకు?

ఇంకో సంగతి. నమూనా కోసం మేమ్‌లో (పాత ఆర్కేడ్ గేమ్‌లని కంప్యూటర్ మీద నడిపే ప్రోగ్రామ్) చూస్తుంటే ఆస్టరాయిడ్స్ గీతలు చప్పగా ఉన్నాయి. స్ట్రీట్ ఫైటర్ 2 స్క్రీన్‌షాట్ తీసి ఎడిటర్‌లో తెరిస్తే అందులోని యోధుడు ర్యూ అడ్డంగా సాగి లావుగా కనిపిస్తున్నాడు. అసలు మెషీన్‌లో కూడా ఇంతేనా?

వెక్టర్ వీరాభిమాని:
నా ఓటు వెక్టర్‌కే, అంటే గీతల బొమ్మలకే. 1979 నాటి ఆస్టరాయిడ్స్‌లో పిక్సెల్ అన్నదే లేదు. ఎలక్ట్రాన్ కిరణం టీవీలోలా వరసలు వరసలుగా తెరంతా తిరగదు. పెన్సిల్ పట్టుకున్న చెయ్యిలా ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకి నేరుగా గీసుకుంటూ పోతుంది. బ్లాక్ అండ్ వైట్ ట్యూబ్ కాబట్టి లోపల రంగుల మాస్క్ (రంగు చుక్కల్ని విడదీసే చిల్లుల రేకు) కూడా ఉండదు, అందుకే ఆ గీతకి అంత పదును. తూటా అయితే గీత కూడా కాదు. కిరణం ఒకేచోట నిలబడి పూర్తి బ్రైట్‌నెస్‌తో వెలుగుతుంది, చుట్టూ కాంతి చిమ్ముతుంది. ఆ చుక్కని అసలు మెషీన్ మీద చూస్తే తెర మీద మిగతావన్నీ దాని ముందు వెలవెలబోతాయి.

మేమ్ డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో గీతలన్నీ ఒకే మందం, అందుకే చప్పదనం. గేమ్ నడుస్తుండగా ట్యాబ్ నొక్కి స్లైడర్ కంట్రోల్స్‌లోకి వెళ్లండి. బీమ్ విడ్త్ మినిమమ్‌ని 1 దగ్గరే ఉంచి మ్యాగ్జిమమ్‌ని 2 చేయండి, బీమ్ డాట్ సైజ్‌ని 2 నుంచి 3 మధ్యకి తెండి. తూటాలు వెంటనే లేస్తాయి.

మీ గేమ్‌లో ఈ శైలే పెట్టుకుంటే ముఖ్యంగా చూసుకోవాల్సింది గీత మందం. బొమ్మని టెక్స్చర్‌గా (ముందే గీసిపెట్టిన పిక్సెల్ చిత్రంగా) వేసి పెద్దదీ చిన్నదీ చేశారా, గీత కూడా దానితోపాటు లావెక్కి సన్నబడుతుంది, వెక్టర్ భ్రమ అక్కడితో సరి. బిందువుల కోఆర్డినేట్లనే స్కేల్ చేసి, గీతని మాత్రం ఎప్పుడూ 2 పిక్సెళ్ల మందంతోనే గీయాలి. ఆస్టరాయిడ్స్ రాళ్లు మూడు సైజుల్లో ఉన్నా గీత ఒకటే. తర్వాత యాడిటివ్ బ్లెండింగ్ (ఒకదాని మీద ఒకటి పడ్డ వెలుగుల్ని కూడే పద్ధతి) పెట్టండి, రెండు గీతలు కలిసే మూల దానంతటదే ఎక్కువ వెలుగుతుంది. దాని మీద రెండు బ్లర్‌లు: 2-3 పిక్సెళ్లది ఒకటి, 14 పిక్సెళ్లది ఇంకొకటి. రెండోదాని బలం 20 శాతం దాటనివ్వొద్దు. దాటితే నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది, నలుపు పోయాక ఈ శైలిలో ఇక మిగిలేదేమీ లేదు.

రంగులు కావాలంటే 1981 నాటి టెంపెస్ట్ చూడండి.

తెరగీత:
ర్యూ లావు సంగతికి వస్తే, అసలు మెషీన్‌లో అలా ఉండదండి. స్ట్రీట్ ఫైటర్ 2 నడిచే క్యాప్‌కామ్ సీపీఎస్-1 బోర్డు ఇచ్చే బొమ్మ 384×224. దాన్ని 4:3 తెరలో పట్టించేవారు. లెక్క కడితే ఒక్కో పిక్సెల్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 7:9, అంటే నిలువుగా ఉండే పిక్సెల్. చిత్రకారులు ఆ నొక్కుడుని లెక్కలోకి తీసుకునే వెడల్పుగా గీశారు. ఎడిటర్‌లో పిక్సెల్ చదరం కాబట్టి మీకు లావుగా కనిపిస్తోంది.

4కె మానిటర్ ఉంటే పని చాలా తేలిక. అడ్డంగా 7 రెట్లు, నిలువుగా 9 రెట్లు పెంచండి: 2688×2016, సరిగ్గా 4:3. 1080 తెర మీద అడ్డంగా 3, నిలువుగా 4 రెట్లు పెడితే 1152×896 వస్తుంది. మూడున్నర శాతం సన్నబడుతుంది గానీ కంటికి తెలియదు. నేరుగా ఫుల్ స్క్రీన్ మాత్రం చేయొద్దు. 1080ని 224తో భాగిస్తే 4.82, అంటే కొన్ని వరసలు 4 పిక్సెళ్లు, కొన్ని 5 అవుతాయి. బొమ్మ నిలువుగా కదిలినప్పుడల్లా అంచులు అలలాడతాయి.

మూడురంగులు:
వెక్టర్ అందం కాదనను. కానీ బొమ్మలు వేసేది ఒక్కరే అన్నారు కాబట్టి, ఆ మనిషి చేతి పని కనిపించాలంటే నేను 1980 నాటి పాక్-మ్యాన్ వైపు చూడమంటాను. తెర 224×288, నిలువు తెర, 8×8 టైల్స్‌గా (చిన్న చదరపు ముక్కలుగా) చూస్తే అడ్డంగా 28, నిలువుగా 36. స్ప్రైట్ (తెర మీద కదిలే బొమ్మ) 16×16. ఒక్కో స్ప్రైట్‌కి మూడు రంగులు, నాలుగోది పారదర్శకం.

ఆ దయ్యాన్ని దగ్గర్నుంచి చూడండి. ఒంటికి ఒక రంగు, కంటి తెలుపు ఒకటి, నీలి కనుపాప ఒకటి, మూడూ అయిపోయాయి. నాలుగు దిక్కులకి, దిక్కుకి రెండు కాళ్ల కదలికలు చొప్పున మొత్తం ఎనిమిది బొమ్మలు. నలుగురు దయ్యాలకీ ఆ ఎనిమిదే, మారేది ప్యాలెట్ (రంగుల జాబితా) ఒక్కటే. పాక్-మ్యాన్ తినేశాక కళ్లు మాత్రమే పరిగెడతాయి చూశారూ, అది కూడా కొత్త బొమ్మ కాదు, ఒంటి రంగుని పారదర్శకం చేసిన అదే బొమ్మ. ఇంత పొదుపులో నాలుగు వేర్వేరు పాత్రలు పుట్టాయి. నాకు ఈ శైలి మీద అంత ప్రేమ అందుకే.

1996 నాటి మెటల్ స్లగ్ అద్భుతం, సందేహం లేదు. అది నడిచే నియో జియో మెషీన్‌లో ఒక్కో ప్యాలెట్‌కి 15 రంగులు, తెర మీద ఒకేసారి వేలల్లో. అయితే రంగులు పెరిగేకొద్దీ ప్రతి ఫ్రేమ్‌లోనూ నీడ, వెలుగు ఒకేలా నిలబెట్టాలి. 15 రంగుల సైనికుడు పరిగెత్తే ఎనిమిది ఫ్రేమ్‌లలో ఒక్కదాంట్లో భుజం మీద వెలుగు పక్కకి జరిగినా బొమ్మ మిణుకుమంటుంది. ఒక్క మనిషి మీద అంత బరువు పెట్టొద్దు.

కీలుబొమ్మ:
అందరికీ థ్యాంక్స్. మూడు రంగుల పద్ధతికే వెళ్తున్నాం. దాని మీద స్కాన్‌లైన్లు (పాత ట్యూబ్ తెరల్లో వరసల మధ్య కనిపించే చీకటి గీతలు) వేస్తే బాగుంటుందా? షూటింగ్ గేమ్ కదా, రంగులు మరీ తక్కువైపోతాయేమోనని చిన్న భయం.

తెరగీత:
వేయొచ్చు, కానీ నిలువుగా కనీసం 4 రెట్లు పెంచగలిగితేనే. అప్పుడు మూడు వరసలు వెలుగు, ఒకటి చీకటి. రెండు రెట్ల మీద వేస్తే సగం వెలుగు పోతుంది, 8×8 అక్షరాలు చదవలేరు. చీకటి వరసని పూర్తి నలుపు చేయకుండా 40-50 శాతం దగ్గర ఆపి, ఆ తగ్గిన మేరకు మొత్తం బ్రైట్‌నెస్ పెంచండి. ఇంకొకటి, పాక్-మ్యాన్‌లా మీదీ నిలువు తెర అయితే గీతలు కూడా నిలువుగానే రావాలి. ఆ మెషీన్లలో ట్యూబునే పక్కకి తిప్పి బిగించేవారు. చాలామంది అడ్డగీతలు వేసేస్తారు, తెలిసినవాళ్ల కంటికి ఇట్టే దొరికిపోతుంది.

మూడురంగులు:
రంగుల కొరతకి 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లోనే ఒక ఉపాయం ఉంది. బోర్డు ఇచ్చేది తెలుపు, నలుపు మాత్రమే. తెర మీద రంగు సెలోఫేన్ పట్టీలు అంటించారు: కింద ఆటగాడి వైపు ఆకుపచ్చ, పైన సాసర్ తిరిగే చోట ఎరుపు. తెల్లగా దిగే బాంబు కింది పట్టీలోకి రాగానే ఆకుపచ్చగా మారిపోతుంది. అంటే రంగు ఆ వస్తువుది కాదు, తెర మీద ఆ చోటుది.

మీ షేడర్‌లో (ప్రతి పిక్సెల్ రంగునీ లెక్కకట్టే చిన్న ప్రోగ్రామ్) ఇది రెండు లైన్ల పని. స్ప్రైట్‌ని తెల్లగా గీసి, తెర నిలువు కోఆర్డినేట్‌ని బట్టి రంగుతో గుణించండి. పట్టీ అంచుని మెత్తగా కలపొద్దు, కత్తిరించినట్టే ఉండాలి. వస్తువు సరిగ్గా ఆ అంచు మీద ఉన్నప్పుడు సగం ఒక రంగు, సగం ఇంకో రంగు పడాలి. స్ప్రైట్ మొత్తానికి ఒకేసారి రంగు మారిస్తే అది ప్యాలెట్ మార్పులా కనిపిస్తుంది, సెలోఫేన్‌లా కాదు. స్కాన్‌లైన్లు దీని తర్వాతి పాస్‌లో (విడతలో) వేయండి.