నవంబర్ 5 బాన్‌ఫైర్ నైట్: ఇక్కడి పాతవాళ్ళు ఎలా చేసుకునేవాళ్ళు?

షెఫీల్డ్_వదిన:
నమస్తే అందరికీ. మేం ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కి కొత్తగా వచ్చాం. మా పక్కింటి పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, ఈసారి మనవలొస్తున్నారు వెనక తోటలో మంట వేస్తున్నాం మీరూ రండి అని పిలిచారు. మాట్లాడుతుంటే మా చిన్నప్పుడు ఇది వేరేలా ఉండేదమ్మా ఇప్పుడంతా టికెట్ కొనుక్కుని చూడ్డమే అని తెగ బాధపడిపోయారు, కానీ ఆవిడ యాస నాకు సగమే అర్థమవుతుంది, మళ్ళీ మళ్ళీ అడగలేక తల ఊపేశాను. ఇంకో పక్క మావాడు ఇయర్ టూ (ఆరేడేళ్ళ పిల్లల క్లాసు), స్కూల్లో గై ఫాక్స్ కథ చెప్పారట, ఇంటికొచ్చి "అమ్మా ఒక అంకుల్ పార్లమెంట్‌ని పేల్చేద్దామనుకున్నాడు అందుకని ప్రతి సంవత్సరం ఆయన్ని కాలుస్తారు" అంటున్నాడు. అదేంటి మనిషి బొమ్మ చేసి పిల్లల ముందు తగలబెట్టడం, పైగా ఆయన కాథలిక్ అంట కదా, మా ఆయన టీమ్‌లో కాథలిక్కులు ఇద్దరున్నారు, వాళ్ళకేం అనిపించదా? ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పండి ప్లీజ్. వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలో కూడా (మేం వెజ్, గుడ్డు తింటాం). దీపావళికి కొన్న టపాసులు కొన్ని మిగిలాయి, అక్కడ కాల్చుకోవచ్చా?

తెనాలి_టు_టీసైడ్:
వదిన గారూ, ముందు మీవాడికి ఒక ముక్క చెప్పండి, గై ఫాక్స్‌ని మంటల్లో కాల్చలేదు. ఇక్కడ పుట్టినవాళ్ళలో కూడా చాలామంది మంటల్లో కాల్చి చంపారనే అనుకుంటారు. 1606 జనవరి 31న వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఉరి తీశారు. ఆ రోజుల్లో రాజద్రోహానికి ఉరితో సరిపెట్టేవాళ్ళు కాదు, ప్రాణం ఉండగానే దించి ముక్కలు చేసేవాళ్ళు, ఇతను మాత్రం నిచ్చెన మీంచి దూకాడో పడ్డాడో మెడ విరిగి ముందే పోయాడు (ఈ భాగం ఇయర్ టూ వాడికి వద్దులెండి).

ఇంకోటి, నాయకుడు అతను కాదు, రాబర్ట్ కేట్స్‌బీ అని వార్విక్‌షైర్ వైపు ఆసామి, మొత్తం 13 మంది. కొత్త రాజు మొదటి జేమ్స్ (ప్రొటెస్టెంట్) వస్తే కాథలిక్కుల మీద జరిమానాలు, ఆంక్షలు తగ్గుతాయని ఆశపడ్డారు, తగ్గలేదు. పార్లమెంట్ మొదలయ్యే రోజు రాజు, లార్డులు అందరూ ఒకే గదిలో ఉంటారు కాబట్టి ఒక్క దెబ్బకి అయిపోతుందని లార్డ్స్ సభ (పార్లమెంట్ ఎగువ సభ) కిందున్న గదిని అద్దెకి తీసుకుని 36 పీపాల మందుగుండు పెట్టి పైన కట్టెలు కప్పారు. ఫాక్స్ స్పెయిన్ సైన్యంలో పనిచేసొచ్చినవాడు, మందుగుండు సంగతి తెలుసు, అందుకే కాపలా, వత్తి అంటించే పని అతనికి. అక్టోబర్ 26న లార్డ్ మాంటీగిల్‌కి పేరు లేని ఉత్తరం ఒకటొచ్చింది, పార్లమెంట్‌కి రావద్దు అని, ఆయన దాన్ని తీసుకెళ్ళి ప్రభుత్వానికి ఇచ్చేశాడు. నవంబర్ 4 అర్ధరాత్రి ప్రాంతంలో ఫాక్స్ దొరికాడు, పేరడిగితే జాన్ జాన్సన్ అన్నాడట. నాకు ఈ కథలో నచ్చే భాగం మాత్రం కేట్స్‌బీది. పారిపోయి స్టాఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో దాక్కుని, తడిసిన మందుగుండుని పొయ్యి ముందు ఆరబెట్టారు. నిప్పురవ్వ ఎగిరి పడి వీళ్ళే కాలారు! మర్నాడు షెరీఫ్ మనుషులు చుట్టుముట్టి అతన్ని తుపాకీతో కాల్చి చంపారు.

మంటలంటారా, రాజు బతికాడని నవంబర్ 5 రాత్రే లండన్‌లో వేశారు. తర్వాత ప్రతి ఏడూ చర్చిలో కృతజ్ఞత ప్రార్థన చెయ్యాలని చట్టమే పెట్టారు, అది 1859 దాకా ఉంది. చట్టం తీసేసినా మంట పోలేదు. మొదట్లో ఎక్కువగా పోప్ బొమ్మని కాల్చేవాళ్ళు, గై బొమ్మ అలవాటయింది తర్వాతే. కాథలిక్కుల సంగతి అంటే, ఇప్పుడు నూటికి తొంభై మందికి ఇది మతం గొడవే కాదు, చలికాలంలో బయటికొచ్చే సాకు, అంతే. కాకపోతే యార్క్‌లో ఫాక్స్ చదువుకున్న సెయింట్ పీటర్స్ స్కూల్లో మాత్రం బొమ్మని కాల్చరు, మా పూర్వ విద్యార్థిని మేమెలా కాలుస్తాం అని.

పాత_హడర్స్‌ఫీల్డ్:
అమ్మా, మీ పక్కింటావిడ చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇక్కడే పెరిగాను, మా నాన్నగారు డెబ్భైలలో హడర్స్‌ఫీల్డ్‌లో డాక్టరు. మాకు ఈ పండగ నవంబర్ 5న కాదు, సెప్టెంబర్ ఆఖర్లో స్కూలు వదిలాక కట్టెలు ఏరడంతో మొదలయ్యేది. దాన్ని యార్క్‌షైర్‌లో చంపింగ్ అంటారు (మీ పెద్దావిడ ముందు ఈ మాట వాడి చూడండి, ఇంక ఆవిడని ఆపలేరు). వీధి వీధికీ ఒక గ్యాంగు. ప్రతి తలుపూ కొట్టి పాత కుర్చీలుంటే ఇవ్వండి, విరిగిన తలుపు ఉంటే ఇవ్వండి, సోఫా ఉంటే మేమే మోసుకుపోతాం అని అడగడం, ఖాళీ స్థలంలో కుప్ప పెట్టడం, ఆ కుప్పకి కాపలా కాయడం. ఎందుకంటే పక్క వీధివాళ్ళు రాత్రి వచ్చి ఎత్తుకుపోతారు, కుదరకపోతే ముందే అంటించేసి పోతారు. మేమూ అదే పని చేసేవాళ్ళం, ఇప్పుడు మర్యాదస్తుల్లా కూర్చున్నాం గానీ.

గై బొమ్మకి పాత ప్యాంటు, చొక్కా, లోపల న్యూస్‌పేపర్లు కుక్కడం, కాగితం సంచికి మొహం గీయడం. మా అమ్మ మాత్రం నాన్న చొక్కా అడిగితే చస్తే ఇవ్వలేదు. బతికున్న మనిషి బట్టలు నిప్పుల్లో వేస్తార్రా, బుద్ధుందా మీకు అని! చివరికి పక్కింటివాళ్ళ పాత కోటు తొడిగాం, వాళ్ళాయన మీద అమ్మకి అంత పట్టింపు లేదనుకుంటా. ఆ బొమ్మని పాత ప్రామ్‌లో (పసిపిల్లల్ని తోసుకెళ్ళే బండి) కూర్చోబెట్టి పబ్బు ముందో కో-ఆప్ షాపు ముందో నిలబడి "పెన్నీ ఫర్ ద గై" (గై కోసం ఒక పెన్నీ) అని అడుక్కునేవాళ్ళం. శుక్రవారం సాయంత్రం జీతాలొచ్చాక నిలబడితే చిల్లర బాగా పడేది. ఆ డబ్బుతో బ్యాంగర్లు (ఢాం అని పేలేవి), రాకెట్లు. అప్పట్లో ఊళ్ళో అందరికీ స్టాండర్డ్ కంపెనీవే టపాసులు. శివకాశి స్టాండర్డ్ అనుకునేరు, అది కాదు, ఇది హడర్స్‌ఫీల్డ్‌లోనే 1891లో పెట్టింది. నేను సెలవులకి ఇండియా వెళ్ళి అక్కడ కూడా స్టాండర్డ్ అని చూసి మా ఊరి కంపెనీయే అని మా కజిన్స్‌తో గొడవపడేవాణ్ణి.

నవంబర్ 4న మిస్చీఫ్ నైట్, అది మా వైపే ఎక్కువ. తలుపు కొట్టి పారిపోవడం, గుమ్మం హ్యాండిల్‌కి ట్రీకిల్ పాకం పూయడం, తోట గేటు పీకి ఇంకో వీధిలో పెట్టడం. 5 రాత్రి వీధంతా బయటే. టపాసులు బిస్కెట్ డబ్బాలో మూత పెట్టి ఉంచి పెద్దవాళ్ళెవరో ఒకరు ఒక్కొక్కటే తీసి కాల్చాలి, రాకెట్‌కి పాలసీసా, కాథరిన్ వీల్‌ని (చక్రంలా తిరిగే టపాసు) కంచెకి మేకు కొడితే అది తిరిగిన పాపాన పోదు, ఒకాయన కర్రతో తోస్తూ ఉంటాడు. బూడిదలో వేసిన బంగాళాదుంపలు పైన బొగ్గు లోపల పచ్చి, అయినా వెన్న రాసుకుని తినేవాళ్ళం. పార్కిన్ కేకు, సుత్తితో పగలగొట్టే ట్రీకిల్ టాఫీ, కాగితం కప్పులో వెనిగర్ పోసిన బఠాణీలు. ఆ వీధిలో మేమొక్కళ్ళమే ఇండియన్స్, మామూలు రోజుల్లో మా అమ్మతో పెద్దగా మాట్లాడని ఆడవాళ్ళు కూడా ఆ రాత్రి ప్లేటు పట్టుకొచ్చి తినమనేవాళ్ళు. తర్వాత తర్వాత ఆ ఖాళీ స్థలాల్లో ఇళ్ళొచ్చాయి, 1997లో బ్యాంగర్లు బ్యాన్ చేసి టపాసులు కొనే వయసు 18కి పెంచారు, పిల్లలు గై పట్టుకుని అడుక్కోవడం కూడా దాదాపు పోయింది. వేళ్ళు కాల్చుకున్న పిల్లల్ని మా నాన్నగారు ఆ వారమంతా చూసేవారు కాబట్టి ఆయనకి ఆ రూల్స్ అంటే మహా సంతోషం. నాకు మాత్రం కొంచెం దిగులే.

బ్రైటన్_భాయ్:
యార్క్‌షైర్ ముచ్చట మంచిగుంది గని మా దిక్కు లూయిస్ అని ఊరుంటది, అసలైన బాన్‌ఫైర్ చూడాల్నంటే అదే. మతం గొడవ కాదు అని పైన అన్నరు కదా, లూయిస్‌ల పూర్తిగ పోలేదు. 1555 నుంచి 1557 మధ్యల కాథలిక్ రాణి క్వీన్ మేరీ టైమ్‌ల ఆ ఊర్ల 17 మంది ప్రొటెస్టెంట్లను సజీవంగ కాల్చేసిన్రు, వాళ్ళ యాదిల ఇప్పటికీ 17 మండుతున్న శిలువలు పట్టుకోని ఊరేగుతరు. బాన్‌ఫైర్ సొసైటీలని ఉంటయి, క్లిఫ్, బరో, సౌతోవర్, కమర్షియల్ స్క్వేర్ ఇట్ల, ఒక్కోదానికి ఒక్కో రంగు చారల స్వెటర్, ఒక్కో ఊరేగింపు, ఒక్కో మంట. క్లిఫ్ వాళ్ళయితే 1605ల పోప్‌గ ఉన్న ఐదో పాల్ బొమ్మను ఇప్పటికీ కాలుస్తరు. మండే తారు పీపాలు గుంజుకుంట ఉరుకుతరు, ఒకటి తీస్కపోయి నదిల పడేస్తరు. తర్వాత ఆ ఏడు ఎవరి మీద కోపముంటే వాళ్ళ పెద్ద దిష్టిబొమ్మ, లీడర్లు గీడర్లు ఎవర్నీ ఇడువరు, మనకాడ ధర్నాల కాల్చినట్టే గని రెండంతస్తులు ఎత్తుంటది, లోపల మొత్తం టపాసులే.

నేను పోయిన, మస్తు అనిపించింది, కొంచెం భయం గూడ అయింది. షాపులోళ్ళు అద్దాలకు చెక్కలు కొట్టుకుంటరు, చెవుల దూది పెట్టుకోవాలె. పిల్లల్ని తీస్కపోవద్దు. సాయంత్రం అయితే రైళ్ళు లూయిస్‌ల ఆపరు, రోడ్లు బంద్, బయటోళ్ళు రావద్దని వాళ్ళే చెప్తరు. 5 ఆదివారం పడితే 4నే చేస్తరు, 2023ల అట్లనే అయింది. డెవాన్‌ల ఒట్టరీ సెయింట్ మేరీ అని ఇంకో ఊరుంది, అక్కడ మండే పీపాను భుజాల మీద పెట్టుకోని జనం మధ్యలకెళ్ళి ఉరుకుతరంట, ఊరోళ్ళకే ఛాన్స్, తాత నుంచి తండ్రికి తండ్రి నుంచి కొడుక్కు. అది నేను చూడలె.

లెస్టర్_లక్ష్మి:
కథలు బావున్నాయి, టపాసుల సంగతి ఎవరూ చెప్పలేదు. కాల్చుకోవచ్చండీ, మీ పక్కింటావిడని అడిగి, ప్రైవేట్ తోటలో అయితే. రోడ్డు మీదా పార్కులో కాదు. ఇంగ్లండ్‌లో మామూలుగా రాత్రి 11 తర్వాత కాల్చకూడదు, నవంబర్ 5న 12 దాకా, దీపావళి రోజు 1 గంట దాకా. అవును, మన పండగకే గంట ఎక్కువ, న్యూ ఇయర్‌కి, చైనా వాళ్ళ కొత్త సంవత్సరానికి కూడా అంతే. 2021లో దీపావళి 4న పడి మర్నాడే ఇది, మా వీధిలో ఏ టపాసు ఏ పండగదో ఎవరికీ తెలీదు, మా కుక్క మాత్రం రెండు రోజులూ మంచం కిందే.

కాకరపువ్వొత్తులు ఉన్నాయా? పిల్లలకి ఉన్ని గ్లవ్స్ వెయ్యండి, కాలిపోయిన పుల్లలు నీళ్ళ బకెట్‌లో వెయ్యండి, గడ్డిలో పడేస్తే ఎవరో ఒకరు తొక్కుతారు. ఐదేళ్ళలోపు వాళ్ళ చేతికి అస్సలు ఇవ్వొద్దని ఇక్కడ గట్టిగా చెప్తారు. చున్నీ, పట్టు లంగా వద్దు. కట్టెల కుప్ప ముందే పేర్చి ఉంటే అంటించేముందు అడుగున చూడమనండి, హెడ్జ్‌హాగ్‌లు (ఒళ్ళంతా ముళ్ళుండే చిన్న జంతువులు) చలికి అందులో దూరి పడుకుంటాయి. కుప్పని అదే రోజు పేర్చితే ఇంకా మంచిది. ప్లాస్టిక్, టైర్లు, రంగేసిన చెక్క మంటలో వెయ్యకూడదు, సోఫాలు అసలే వద్దు (హడర్స్‌ఫీల్డ్ అన్నగారూ, మీకే చెప్తున్నా).

షెఫీల్డ్_వదిన:
అందరికీ చాలా థ్యాంక్స్. మావాడికి కేట్స్‌బీ మందుగుండు ఆరబెట్టిన కథ చెప్పా, పడీపడీ నవ్వాడు, రేపు స్కూల్లో టీచర్‌కి చెప్తాడట. చంపింగ్ అనే మాట పెద్దావిడ దగ్గర అన్నాను, గుమ్మంలోనే అరగంట నిలబెట్టేశారు! వాళ్ళమ్మగారు చెప్పేవారట, రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో బ్లాకౌట్ (రాత్రి వెలుగు బయటికి కనపడకూడదనే రూలు) వల్ల మంటలు, టపాసులు అన్నీ బంద్, 1945లో మళ్ళీ వేసినప్పుడు కిటికీలకి కట్టిన నల్లగుడ్డలన్నీ తెచ్చి మంటలో వేశారని. ఈసారి గై బొమ్మ కూడా చేస్తున్నారట, పాత చొక్కా ఉంటే ఇవ్వమన్నారు. మా అత్తగారు ఇక్కడే ఉన్నారు, ఇప్పుడే తల అడ్డంగా ఊపేశారు, కాబట్టి మీ అమ్మగారిదీ ఈవిడదీ ఒకటే మాట. పార్కిన్ చేసుకెళ్దామనుకుంటున్నా, వెజ్‌గా వస్తుందా?

పాత_హడర్స్‌ఫీల్డ్:
వస్తుంది. పాత పద్ధతిలో లార్డ్, అంటే పంది కొవ్వు వేసేవాళ్ళు, మీరు వెన్న వెయ్యండి. ఓట్‌మీల్, బ్లాక్ ట్రీకిల్, గోల్డెన్ సిరప్, బాగా శొంఠిపొడి, గుడ్డు ఎలాగూ తింటారు. ట్రీకిల్ దొరక్కపోతే మా అమ్మ బెల్లం పాకం పోసేది, ఎవరూ కనిపెట్టలేదు. ఒక్కటే షరతు, చేసిన రోజు తినకూడదు, డబ్బాలో మూతపెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే మెత్తబడి జిగురొస్తుంది. కాబట్టి 1వ తారీఖుకల్లా ఓవెన్‌లో పెట్టెయ్యండి. చొక్కా సంగతి అంటారా, చారిటీ షాపులో (జనం ఇచ్చేసిన పాత బట్టలు అమ్మే చోటు) ఒకటి కొనిచ్చెయ్యండి, అత్తగారికి ఏ పట్టింపూ ఉండదు.